అత్తమ్మకు చదివి వినిపించిన కొమురం భీం

మా ఇంట్లో పుస్తకాలకంటూ వేరే అలమర లేదు. టీవీ కింద రెండు అరలున్నాయి. పైదాంట్లో కరెంటు బిల్లులు, గ్యాస్ బుక్కు, పిల్లల మెమోలు. కిందది నాది. అందులో మా బాపు ఇచ్చిన 'వేయిపడగలు', రెండు మూడు వంటల పుస్తకాలు, పాత వారపత్రికల నుంచి చింపి కుట్టుకున్న సీరియళ్లు, వాటి మధ్య అట్ట ఊడిపోయిన 'కొమురం భీం' నవల ఉన్నాయి. ఈ నవల మా తమ్ముడు డిగ్రీ చదివేటప్పుడు ఎవరి దగ్గరో తీసుకుని తిరిగి ఇవ్వనిది. వాడి దగ్గర్నుంచి నేను తీసుకుని తిరిగి ఇవ్వలేదు. దాని మధ్య పేజీల మీద పసుపు మరకలున్నాయి. అవి నా వేళ్లవే. ఈ మరకల కథ చాలా రోజులుగా రాద్దామనుకుంటున్నాను.

మాది మంథని పక్క ఊరు. పెళ్లయ్యాక గోదారి దాటి మంచిర్యాల వచ్చాను. అత్తగారి సొంతూరు ఇంకా పైకి, ఆసిఫాబాద్ దిక్కు. అప్పట్లో గోదారికి ఇవతల కరీంనగర్ జిల్లా, అవతల ఆదిలాబాద్ జిల్లా అని చెప్పుకునేవాళ్లం. ఇప్పుడు అన్నీ ముక్కలై పేర్లు మారాయి గానీ, మా అమ్మ మాత్రం చివరిదాకా "బిడ్డనిచ్చింది అడవి దిక్కు" అనే అనేది.

ముందు మా బాపు సంగతి చెప్పాలి. బాపు కరీంనగర్ ప్రభుత్వ కాలేజీలో చదివాడు. విశ్వనాథ సత్యనారాయణ గారు 1959 నుంచి 1961 వరకు అక్కడే ప్రిన్సిపాల్‌గా ఉన్నారు. "ఆ మహానుభావుడు తిరిగిన వరండాలో మేమూ తిరిగినం" అని బాపు ఎవరొచ్చినా చెప్పేవాడు. చెప్పిందే చెప్తుంటే మేం పిల్లలం లోపలికి పోయి నవ్వుకునేవాళ్లం. 'వేయిపడగలు' అంత లావు పుస్తకాన్ని 1934లో ఆయన 29 రోజుల్లో నోటితో చెప్తుంటే తమ్ముడు వెంకటేశ్వర్లు గారు రాసుకున్నారని బాపు చెప్పినప్పుడు మాత్రం నాకు ఆశ్చర్యమేసింది. పెద్దయ్యాక, ఇల్లు పట్టుకున్నాక ఆ మాట గుర్తొస్తే ఇంకో సందేహం వస్తుంది. ఆ 29 రోజులు ఆ ఇంట్లో పొయ్యి ఎవరు రాజేశారో, చెప్పేవారికీ రాసేవారికీ వేళకు ఇంత అన్నం ఎవరు పెట్టారో! ఆడవాళ్లం కదా, బుద్ధి అక్కడికే పోతుంది.

విశ్వనాథ వారు చారిత్రక నవలలూ చాలా రాశారు. పురాణవైర గ్రంథమాల అని 12 నవలలు, నేపాళ రాజవంశం మీద 6, కాశ్మీర రాజవంశం మీద 6. ఇంగ్లీషువాళ్లు మన చరిత్ర కాలాల్ని తప్పుగా లెక్కగట్టారని, పురాణాల్లో ఉన్న రాజుల లెక్కే సరైనదని ఆయన పట్టుదల. ఆ లెక్క ఒప్పుకోని వాళ్లు చాలామంది. నాకూ అదంతా తెలిసే విషయం కాదు. కానీ సెలవుల్లో మధ్యాహ్నాలు బాపు చదివి వినిపిస్తుంటే చారిత్రక నవల అంటే ఇదీ అని మనసులో ముద్ర పడిపోయింది. రాజు ఉండాలి, కోట ఉండాలి, మంత్రి ఉండాలి, మాట్లాడితే గ్రాంథికంలో మాట్లాడాలి. అడవి బాపిరాజు గారి 'గోన గన్నారెడ్డి' చదివాక గుర్రాలు కూడా ఉండాలని తెలిసింది.

మా ఊళ్లో కోటా లేదు, గుర్రమూ లేదు. దొరగారి గడీ ఒకటి ఉండేది. అందులోకి పోయిన మనిషి తల వంచుకుని పోవడం, అట్లాగే రావడం తప్ప మాకేం తెలియదు. అదీ చరిత్రే అని నాకు చెప్పినవాళ్లు లేరు.

చెప్పినవాడు ఎక్కడో కాదు, మా పక్కనే పుట్టాడు. అల్లం రాజయ్య గారిది మంథని దగ్గర గాజులపల్లి. 1952లో పుట్టారు. 'కొలిమంటుకున్నది', 'ఊరు', 'అగ్నికణం' నవలల్లో ఆయన రాసింది మన కరీంనగర్ పల్లెల్నే. దొరలు, జీతగాళ్లు, వెట్టి, కూలి రేట్ల కొట్లాట, 1978 సెప్టెంబర్ 7న జగిత్యాలలో వేలమంది రైతుకూలీలు కదిలొచ్చిన కాలం. మా తమ్ముడు 'కొలిమంటుకున్నది' ఇస్తే పది పేజీలు చదివి పుస్తకం మూసి మళ్లీ తెరిచాను. అందులో మనుషులు మా ఇంట్లో మాట్లాడినట్టే మాట్లాడుతున్నారు. మేం బడిలో "అస్తున్న, పోతున్న" అంటే సారు నవ్వేవారు. ఇంటి భాష ఇంట్లో, పుస్తకం భాష బడిలో అని రెండు నాలుకలు పెంచుకున్నాం. ఆ ఇంటి నాలుక అచ్చులో కనిపించేసరికి ఎవరో మా వంటింట్లోకి వచ్చి కూర్చున్నట్టయింది. సిగ్గూ, సంతోషమూ రెండూ.

ఆయన గారి రాజకీయాలతో అందరూ ఏకీభవించాలని లేదు. మా ఇంట్లోనే ఏకీభవించరు. మా ఆయన సింగరేణిలో పనిచేసి రిటైరైన మనిషి, పేపర్లో ఆ వార్తలొస్తే పేజీ తిప్పేస్తాడు. నేను చెప్పేది నవల సంగతి.

'కొమురం భీం' నవల మీద రెండు పేర్లుంటాయి. సాహు, అల్లం రాజయ్య. సంకేపల్లిలో పుట్టిన గోండు పిల్లవాడు, తండ్రి పోయాక ఇంటివాళ్లతో వేరే ఊరికి చేరి అడవి నరికి పంట వేస్తే, ఆ పంట మాదని వచ్చిన మనిషిని కొట్టి చంపి, బల్లార్షా మీదుగా అస్సాం తేయాకు తోటల దాకా పారిపోయి, అక్కడ కూలి చేసి, తిరిగొచ్చి పన్నెండు గూడేలను ఒక్కటి చేసి నిజాం ప్రభుత్వాన్ని ఎదిరించిన మనిషి కథ. పశువులు మేపుకుంటే పన్ను, పొయ్యిలోకి కట్టె తెచ్చుకుంటే పన్ను. పొయ్యి కట్టెకు పన్ను అంటే ఏమిటో ఆడవాళ్లకు వేరే చెప్పక్కర్లేదు. 1940లో జోడేఘాట్ గుట్టల్లో ఆయన్ను కాల్చి చంపారు. అది జరిగి నలభై ఏళ్లు దాటాక, అప్పటికీ బతికున్న ముసలివాళ్ల జ్ఞాపకాలను విని ఈ నవల కట్టారు. కోట లేదు, శాసనం లేదు. ముసలివాళ్ల నోళ్లే శాసనాలు.

ఇదంతా నేను పెళ్లికి ముందే చదివాను. బాగుందనుకున్నాను. కానీ అది మా అత్తగారి ఊరి దిక్కు కథ అని, ఆ ఇంటితో దానికి సంబంధం ఉండొచ్చని అప్పుడు తట్టలేదు. పెళ్లయ్యాక ఇరవై రెండేళ్లు కూడా తట్టలేదు.

2016 దసరా రోజు, అక్టోబర్ 11. కొత్త జిల్లాలు అయ్యాయని టీవీలో చూపిస్తున్నారు. నేను వంటింట్లో గారెలు వేస్తున్నాను. అత్తమ్మ హాల్లో కుర్చీలో ఉంది. అప్పటికి ఆమెకు ఎనభై దాటాయి. కళ్లు మసక గానీ చెవులు పాము చెవులు.

"ఏ జిల్లా అన్నరు బిడ్డా?"

"కుమురం భీం జిల్లా అత్తమ్మా. ఆసిఫాబాద్‌కు ఆ పేరు పెట్టిన్రు."

ఆమె కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "భీమ్ పేరా? గా పేరు మా ఇంట్ల ఎత్తద్దనేది మా నాయిన" అంది.

గారె నూనెలో మాడిపోయింది. నిజంగానే మాడింది. ఏం మాట్లాడుతుందా అని గడప దగ్గరే నిలబడిపోయాను.

"గా ఏడు సద్దుల బతుకమ్మ ఆడినంక, దసరా పండుగైనంక, పున్నం నాడు కాల్చిన్రు. అప్పుడు నేను చిన్న బుడ్డచెంబుల నీళ్లు మోసెటంత ఉన్న. మా నాయిన మాపటికే తలుపులేసిండు. రెండొద్దులు పొలం పోలే."

అంతే చెప్పింది. పండుగ పూట ఇంటినిండా జనం, ఆడబిడ్డలు, పిల్లలు. మళ్లీ అడుగుదాం అనుకున్నాను.

దసరా వెళ్లిన వారం ఇల్లు ఖాళీ అయ్యాక ఆ పాత నవల బయటికి తీశాను. "అత్తమ్మా, భీమ్ మీద పుస్తకముంది, చదవాల్నా?" అంటే "నీకు పనిలేదా" అంది గానీ కుర్చీ వంటింటి గడపకు జరిపించుకుంది. ఆమెకు చదువు రాదు. నేను మధ్యాహ్నం పప్పు కడుగుతూ, పసుపు డబ్బాలో పోస్తూ, చేతులు కొంగుకు తుడుచుకుంటూ పేజీ తిప్పి చదివేదాన్ని. మరకలు అలా పడ్డాయి. రోజుకు ఐదారు పేజీలు. పనమ్మాయి రాని రోజు రెండే.

మా బాపు నాకు నవల చదివి వినిపించినప్పుడు నేను నోరు మెదపకుండా విన్నాను. అత్తమ్మ అలా కాదు. అడుగడుగునా ఆపేది. ఫలానా వాగుకు ఇవతలి ఒడ్డున ఏ చెట్లుండేవో చెప్పేది. ఇప్పపువ్వు ఏరడానికి తెల్లారకముందే ఎందుకు పోవాలో చెప్పేది, ఎండెక్కితే పశువులు తినేస్తాయట. గోండులు గుస్సాడీ ఆడే దీపావళి రోజుల్లో తమ ఊరి ఆడవాళ్లు దూరంగా నిలబడి చూసేవాళ్లట. ఒక్కోసారి "గట్ల కాదు" అనేది. అలా కాకపోతే ఎలా అని అడిగితే "నాకేమెర్క, నేను పోరిని" అనేది. రాసినవారు తప్పో ఆమె మరుపో తేల్చడం నా వల్ల అయ్యే పని కాదు.

ఒకరోజు మాత్రం ఒక ప్రశ్న అడిగింది. గుట్ట మీద జనం చేరి ఉన్న ఘట్టం చదువుతున్నాను. "గంతమందికి గుట్ట మీద జొన్నలెవలు దంచిన్రు? చంటి పోరగాండ్లను ఎవలు పట్టుకున్నరు? గది సూడు, ఉన్నదా?" అంది. నేను పేజీలు ముందుకూ వెనక్కూ తిప్పాను. నవలలో ఆడవాళ్లు లేక కాదు. భీమ్ భార్య సోంబాయి ఉంది, ఇంకా ఉన్నారు. ఆమె అడిగింది మాత్రం వేరే. రాత్రికి ఎన్ని రొట్టెలు, ఎవరి చేతులు అన్నది ఆమె లెక్క. మా బాపు చదివిన 'వేయిపడగలు' దగ్గర నాకొచ్చిన సందేహమూ అదే కదా అని నవ్వొచ్చింది. ఎక్కడి విశ్వనాథ వారు, ఎక్కడి జోడేఘాట్, ఎక్కడి అత్తాకోడళ్లు.

విశ్వనాథ వారు చనిపోయిన భార్య కోసం 'వరలక్ష్మీ త్రిశతి' అని ప్రత్యేకంగా ఒక కావ్యమే రాశారు. అది చెప్తే అత్తమ్మ "సచ్చినంక రాసిండా" అంది. ఇక నేనేం మాట్లాడలేదు.

అసలు విషయం నవల సగం అయ్యాక వచ్చింది. పట్టాల సంగతి చదువుతున్నాం. తరతరాలుగా దున్నుకుంటున్న గోండులకు కాగితం ఉండదు. అడవికి హద్దు రాళ్లు పాతి లోపలున్నవాళ్లను బయటికి పొమ్మంటారు. కాజీపేట నుంచి బల్లార్షాకు రైలు పట్టాలు పడ్డాక కింద నుంచి, పక్క నుంచి భూమి కోసం వచ్చినవాళ్లకు మాత్రం చదువుకున్నవాళ్ల సాయంతో పట్టాలవుతాయి. చదువుతూ తలెత్తి చూస్తే అత్తమ్మ నా వైపు చూడట్లేదు.

"మా నాయిన గూడ గోదారి దాటే వచ్చిండు" అంది.

తర్వాత చెప్పింది ఆమె మాటల్లోనే రాస్తాను. నాకు గుర్తున్నంత వరకు ఇవే మాటలు. "వాగు కాడి చెల్క గోండోళ్లది. కరువుల జొన్నలు తీస్కపోయిండ్రు. రెండు బస్తాలో మూడో. ఏలు ముద్ర ఏసిండ్రు. పట్వారి రాసిండు. మళ్లేడు వచ్చి దున్నబోతే మా నాయిన ఇది నాది అన్నడు. కొట్టలే. తిట్టలే. కాయితం సూపెట్టిండు గంతే. గా ఇంటి ముసలామె మస్తు ఏండ్లు ఇప్పపువ్వు ఏరనీకి వచ్చేది. గట్టు మీద నిలబడేది. మా అమ్మ నీళ్లిచ్చేది. ఆమె తాగి పోయేది. నన్ను సూసి నవ్వేది."

ఆ చెల్క మా అత్తమ్మకు పసుపు కుంకుమ కింద వచ్చిన భూమి. ఇప్పుడు మా బావగారు సాగు చేస్తున్నారు. మా పెళ్లైన దగ్గర్నుంచి మా ఇంట్లో వండే కందిపప్పు అందులోదే.

నేను పుస్తకం మూసి "మిగతాది రేపు చెప్పు అత్తమ్మా, కుక్కర్ మీదున్నది" అన్నాను. కుక్కర్ ఉన్న మాట నిజమే. కానీ నేను లేచింది అందుకు కాదు. అంతకన్నా వినబుద్ధి కాలేదు. ఇంత కాలానికి ఒప్పుకుంటున్నాను.

తర్వాత చదవడం సాగింది గానీ నేను ఆ ముసలామె గురించి అడగలేదు, ఆమె చెప్పలేదు. నవల పూర్తయింది. ఆఖరి పేజీల దగ్గర అత్తమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. మా ఇంట్లో ఆ మనిషి ఏడవడం నేను చూసింది రెండుసార్లే. మామయ్య పోయినప్పుడు ఒకసారి, ఇది ఒకసారి.

మా అబ్బాయి పాత లెక్కల నోట్‌బుక్కులో అప్పుడప్పుడు రాసిపెట్టుకున్నాను. మొత్తం 11 పేజీలు. చెట్ల పేర్లున్నాయి, వాగు పేరుంది, ఇప్పపువ్వు ఎండబెట్టే పద్ధతి ఉంది. ఆ ముసలామె ఏ ఇంటి మనిషో, తర్వాత వాళ్లు ఎక్కడికి పోయారో లేదు. నోట్‌బుక్కు నింపుతాను కదా, తొందరేముంది అనుకున్నాను. 2018 ఉగాది తర్వాత ఒక పొద్దున అత్తమ్మకు పక్షవాతం వచ్చింది. కుడి చెయ్యి, మాట పోయాయి. ఏడాదికి పైగా మంచంలో ఉంది. నేను ఆ నోట్‌బుక్కు పట్టుకుని పక్కన కూర్చుని అడిగితే ఎడమ చేత్తో నా చెయ్యి పట్టుకునేది. అవునో కాదో తెలిసేది కాదు. 2019 శ్రావణంలో పోయింది.

ఈ నవల రాసినవాళ్ల మీద నాకు అప్పుడు పుట్టింది అసలైన గౌరవం. అంతకుముందు కథ కోసం చదివాను. వాళ్లు ఎంతమంది ముసలివాళ్ల దగ్గర కూర్చుని ఉంటారు! ఒక్క మనిషి దగ్గర, అదీ నా వంటింటి గడపలో, కూర్చుని ఉన్న మనిషి దగ్గర నాకు 11 పేజీలైంది. అందులోనూ గుచ్చుకునే దగ్గర లేచి పోయాను.

భీమ్ పోయిన తర్వాత గోండులు ఎందుకు తిరగబడ్డారో తెలుసుకోవడానికి నిజాం ప్రభుత్వం హైమన్‌డార్ఫ్ అనే ఆస్ట్రియా దేశపు పరిశోధకుణ్ణి పంపింది. ఆయన భార్య బెట్టీ ఇంగ్లీషు మనిషి. ఇద్దరూ మార్లవాయి గూడెంలో గుడిసె వేసుకుని ఉన్నారు. అక్కడ గోండు పిల్లలకు బడులు, భూములకు పట్టాలు ఆ కాలంలోనే మొదలయ్యాయి. ఆయన గోండుల మీద పెద్ద పుస్తకమే రాశారు, 1948లో వచ్చింది. బెట్టీ 1987లో హైదరాబాద్‌లో చనిపోతే తెచ్చి మార్లవాయిలోనే సమాధి చేశారు. తర్వాత పక్కనే ఆయనకూ సమాధి కట్టారు. ఆ ఊరికి పోయినప్పుడు నేను ఆమె సమాధి దగ్గరే ఎక్కువసేపు నిలబడ్డాను. ఎక్కడి ఇంగ్లండ్, ఎక్కడి మార్లవాయి. ఆమె కూడా పొయ్యి దగ్గర కూర్చుని ఎన్ని విని ఉంటుందో. పుస్తకాల అట్టల మీద పేరు మాత్రం ఆయనదే ఎక్కువ.

ఇంకో సంగతి. భీమ్ చనిపోయిన తేదీ ఒక్కో పుస్తకంలో ఒక్కోలా ఉంటుంది. కొన్ని చోట్ల సెప్టెంబర్ 1 అని, కొన్ని చోట్ల అక్టోబర్ అని. జోడేఘాట్‌లో వర్ధంతి మాత్రం ప్రతి ఏడూ ఆశ్వయుజ పున్నం నాడే చేస్తారు. ప్రభుత్వం కూడా ఆ లెక్కే పాటిస్తుంది. నాకు అత్తమ్మ మాట గుర్తొచ్చి మా అమ్మాయితో ఫోన్లో 1940 పంచాంగం తీయించాను. విక్రమ నామ సంవత్సరం. సెప్టెంబర్ 1 అమావాస్య దగ్గరి రోజు. సద్దుల బతుకమ్మ, దసరా అన్నీ దాటి పున్నం వచ్చింది అక్టోబర్ 16న. అక్షరం రాని మనిషి, ఆరేడేళ్ల పిల్లగా చూసిన రోజును డెబ్బై ఆరేళ్ల తర్వాత పండుగలు లెక్కబెట్టి చెప్పింది. జోడేఘాట్ జనం చెప్పేదీ, ఆమె చెప్పిందీ ఒకటే. చరిత్రకారులు ఏం తేలుస్తారో నాకు తెలియదు గానీ, నా వరకు అది అక్టోబర్ 16.

ఇదంతా రాస్తానని మా ఆయనతో అంటే చెట్ల సంగతి, పున్నం సంగతి రాయమన్నాడు. "చెల్క సంగతి ఎందుకు? అన్న సూస్తే ఏమనుకుంటడు? డెబ్బై ఏండ్ల కిందటి ముచ్చట. అప్పుడందరూ గట్లనే కొన్నరు" అన్నాడు. అందరూ అట్లాగే కొన్నారు, నిజమే. ఏజెన్సీలో గిరిజనుల భూమి గిరిజనేతరుల చేతికి పోకూడదని తర్వాత చట్టాలొచ్చాయి, 1959లో ఒకటి, 1970లో దాన్ని ఇంకా గట్టి చేస్తూ ఇంకొకటి. మా దిక్కు 'ఒకటి బై డెబ్బై' అంటే పొలాల్లో పనిచేసేవాళ్లకు కూడా తెలుసు. ఆ చట్టాల కంటే ముందే అయిన కాగితం మాది అని మా బావగారు ఎప్పుడో ఒకసారి అన్నారు. ఎవరూ అడగకుండానే అన్నారు. అప్పుడు నాకు అర్థం కాలేదు.

నాలుగు రోజులు మా ఇంట్లో దీని మీద మాటలు నడిచాయి. గొడవ అనను. మా ఆయన మెత్తని మనిషి. "మా అమ్మ నీకు నమ్మి చెప్పింది, ఊరికి చెప్పుమని కాదు" అన్నాడొకసారి. ఆ మాటకు నా దగ్గర జవాబు లేదు, ఇప్పటికీ లేదు. కానీ నాకు అనిపించేదొకటి ఉంది. అత్తమ్మ ఎనభై ఏళ్లు ఎవరికీ చెప్పనిది నవలలో ఆ పేజీలు విన్నాకే చెప్పింది. ఎవరో ముందుగా ఒకటి రాసి పెట్టారు కాబట్టి ఆమెకు నోరొచ్చింది. దాచమని చెప్పిందా, దించుకుందామని చెప్పిందా నాకెలా తెలుస్తుంది? చివరికి ఊరి పేరు, మనిషి పేర్లు లేకుండా రాస్తాననే ఒప్పందానికి వచ్చాం. ఈ పేజీ మా ఆయన చదివాడు. ఒక్క చోట మాత్రం దిద్దాడు. రెండు బస్తాలో మూడో కాదట, రెండేనట. "అమ్మ నాకు రెండు అనే చెప్పింది" అన్నాడు. అప్పటిదాకా ఆ సంగతి ఆయనకు తెలుసని నాకు తెలియదు. అత్తమ్మ నాతో అన్నమాటను మాత్రం నేను మార్చలేదు, విన్నట్టే ఉంచాను.

కరోనా తగ్గిన తర్వాతి ఏడు పున్నానికి మేమిద్దరం జోడేఘాట్ పోయాం. కెరమెరి దాటి హట్టి దగ్గర లోపలికి తిరిగితే గుట్టల మధ్య దారి. విగ్రహం ఉంది, మ్యూజియం ఉంది, ఆ రోజు వేల మంది జనం ఉన్నారు. నా వయసు గోండు ఆడవాళ్లు గుంపుగా కూర్చుని రొట్టెలు తింటుంటే పక్కన కాస్త చోటిచ్చారు. వాగు పేరు చెప్పి ఆ దిక్కువాళ్లు ఎవరైనా ఉన్నారా అని అడుగుదామని నోటి దాకా వచ్చింది. మా ఆయన నీళ్ల సీసా తెచ్చాడు. వాళ్లలో పెద్దావిడకు ఇచ్చాను. తాగి తిరిగిచ్చింది.

నోట్‌బుక్కులో 11 పేజీల తర్వాత ఇప్పుడు ఇంకో నాలుగు నిండాయి. మా ఆడబిడ్డకు కొంత గుర్తుంది. వాళ్లమ్మ చెప్పిన పాటొకటి ఫోన్లో పాడి వినిపించింది. వచ్చే నెల ఆమె వస్తానంది, పది రోజులుంటుందట.

నిన్న బావగారు ఎప్పటిలాగే కందుల బస్తా పంపారు. వంటింట్లో మూలకు ఉంది. ఈసారి రాళ్లు ఎక్కువున్నాయట, చూసి ఏరుకోమని ఫోన్ చేసి చెప్పారు. సరే బావా అన్నాను. రేపు పొద్దున చేట తీయాలి.